హెడ్మాస్టారింటి ఫిలిప్పీన్స్ కుర్రాడు

ఈమధ్య నా పాత శిష్యుడొకడు తను పనిచేసే కాలేజీ చూపిస్తానని కారులో తీసుకెళ్ళాడు. అక్కడ విదేశీ విద్యార్థుల మంచిచెడ్డలు చూడటానికి ప్రత్యేకంగా ఒక విభాగముంది. చల్లటి గది, గాజు తలుపు, లోపల ముగ్గురు ఉద్యోగులు, గోడ మీద ప్రపంచ పటం. “మీ రోజుల్లో ఇలాంటివి ఎక్కడివిలెండి మాస్టారూ” అన్నాడు జాలిగా. ఎందుకు లేవు నాయనా, ఉండేది. ఆ విభాగమంతా నేనే. చల్లటి గది బదులు నాకో సైకిలుండేది. ఇప్పుడా గదుల్లో కూర్చునే మీలాంటి కుర్రవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను అమలాపురంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్ని. ఆ ఉద్యోగమేమిటో మీకు తెలియకపోవచ్చు. లెక్చరరు పాఠం చెప్పి వెళ్ళిపోతాడు. డిమాన్‌స్ట్రేటరు మొక్క కాడను పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడతాడు. పిల్లలు ఒక కన్ను మూసి చూసి “ఏమీ కనబళ్ళేదు సార్” అంటే మళ్ళీ కోస్తాడు. అది కాక, కాలేజీలో ఎవరికీ చెందని పని ఏదున్నా అతనిదే. వార్షికోత్సవానికి కుర్చీలు, మంత్రిగారొస్తే మామిడి తోరణాలు, విద్యార్థుల ఎన్నికలప్పుడు తగువులు.

అలా ఒక ఏడాది విదేశీ విద్యార్థుల బృందం నా నెత్తిన పడింది. మొత్తం పదిమంది. కోట్లూ బూట్లూ వేసుకుని ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు దిగారు. బ్యాండు మేళంతో ఊరేగించి కాలేజీకి తీసుకొచ్చాం.

ఈ కథ నోటితో చెప్పిన ప్రతిచోటా నేనిలాగే చెప్పాను. కాగితం మీద పెడుతుంటే మాత్రం చెయ్యి కాస్త సిగ్గుపడుతోంది. పదిమంది కాదు, ఒక్కడు. కోటు లేదు. బ్యాండు మేళం మాత్రం నిజం, కాకపోతే అది అదే పంటులో దిగిన పెళ్ళివారిది.

కుర్రాడు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చాడు. అక్కడి ఒక చిన్న కాలేజీకీ మాదానికీ చర్చి పెద్దల ద్వారా ఏదో ఒప్పందం కుదిరింది. కోనసీమలో ఉండి ఒక ఏడాది పాటు కొబ్బరి సాగు గురించి చదవాలి. అతని తండ్రి అక్కడ కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. చదువంతా స్కాలర్‌షిప్పు మీద. ఒప్పందంలో షరతు ఒక్కటే. హాస్టల్లో ఉండకూడదు, స్థానికుల ఇంట్లో ఒకడిగా ఉండాలి. ఆ ఇంటివాళ్ళు వద్దంటే వెనక్కి వెళ్ళిపోవాలి. మధ్యలో వెనక్కి వెళ్తే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, దాంతో డిగ్రీ కూడా. ఈ సంగతి మొదటి రోజే అతను నాకు చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు గనక నేను అంతగా పట్టించుకోలేదు.

ఇల్లు వెతకడం ఒక పనే కాదనిపించింది. మా వీధి చివర ఒక హైస్కూలు హెడ్మాస్టారుండేవారు. తాతల నాడు క్రైస్తవం తీసుకున్న కుటుంబం. ఆయనా, ఎలిమెంటరీ బళ్ళో టీచరు చేస్తున్న ఆయన భార్యా, ఆయన తల్లి మామ్మగారూ ఉండేవారు. ఆడపిల్లలిద్దరూ గుంటూరులో నర్సింగు చదువుతున్నారు, వాళ్ళ గది ఖాళీగా ఉంది. ఆయన మర్యాద గురించి ఊళ్ళో కథలుండేవి. బడికి ఆలస్యంగా వచ్చిన కుర్రాణ్ణి కూడా “తమరు రేపట్నుంచి కాస్త వేగిరం దయచేస్తే బాగుంటుందండి” అంటారని చెప్పుకునేవారు. ఈ కథ పుట్టించింది నేనే, కానీ అందరూ నమ్మారంటే ఆయన ఎలాంటివారో మీరే ఊహించుకోండి.

వెళ్ళి అడిగాను.

“ఒక ఏడాది మీ ఇంట్లో ఉంచుకోవాలండి.”

“ఆయ్.”

“తిండీ తిప్పలూ అన్నీ మీవే.”

“ఆయ్.”

“ఇబ్బందేం లేదు కదా?”

“ఆయ్. ఇబ్బందేంటండి.”

పై ఊరివాళ్ళకు ‘ఆయ్’ అంటే ఒప్పుకోవడం. మాకు మాత్రం అది ‘విన్నాను’ అనడం. ఒప్పుకున్నారో లేదో ఆ తర్వాత మొహం చూసి కనుక్కోవాలి. ఇక్కడే పుట్టి పెరిగిన నేను మొహం చూడకుండా సైకిలెక్కేశాను.

కుర్రాడికి నాలుగు తెలుగు ముక్కలు నేర్పాను. అన్నం, కూర, నీళ్ళు, చాలు, వద్దు. మర్యాద మాటలు ఇంట్లో వింటూ ఉంటే అవే వస్తాయిలే అని వదిలేశాను. అతనితో కాలేజీలో అందరం ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళం. ప్రతి మాటకూ ‘సార్’ అనేవాడు, చక్కటి కుర్రాడని లెక్చరర్లంతా మెచ్చుకునేవారు.

కొన్నాళ్ళకు హెడ్మాస్టారింటికి వెళ్ళాను.

“కుర్రాడు ఎలా ఉన్నాడండి?”

“ఆయ్. మారాజులా ఉన్నారండి.”

అటు చూస్తే మామ్మగారు పెరటి మెట్ల మీద కూర్చుని కంచం ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగడమే కష్టం.

“మామ్మగారు అక్కడ కూర్చున్నారేంటండి?”

“పెరట్లో గాలి బాగుంటుందండి.”

ఇంకోసారి వెళ్తే హెడ్మాస్టారి పడక్కుర్చీ అరుగు మీదికి వచ్చేసింది. లోపల ఉక్కగా ఉందన్నారు. అది డిసెంబరు. డిసెంబరులో ఉక్కేమిటని అడగాల్సింది. అడిగితే ఆయన అబద్ధమాడారని అన్నట్టవుతుంది కదా అని ఊరుకున్నాను.

తర్వాత కుర్రాడే నా దగ్గరికి వచ్చాడు. లేబొరేటరీలో పిల్లలంతా వెళ్ళిపోయాక తలుపు దగ్గర నిలబడ్డాడు.

“సార్, నేనేమన్నా తప్పు చేశానా?”

“ఏం, ఏమైంది?”

“నేను నోరు విప్పగానే అందరూ లేచి వెళ్ళిపోతారు సార్. టీచరుగారు వడ్డించి వంటింట్లోకి వెళ్ళిపోతారు. హెడ్మాస్టారుగారు అరుగు మీదికి వెళ్ళిపోతారు. మామ్మగారికి లేవడమే కష్టం. అయినా నేను మాట్లాడగానే కర్ర వెతుక్కుంటారు.”

“పనులుంటాయయ్యా” అన్నాను. “నువ్వు మాత్రం ఇంకాస్త మర్యాదగా ఉండు.”

“ఉంటాను సార్” అన్నాడు మనస్ఫూర్తిగా. నా సర్వీసు మొత్తం మీద నేనిచ్చిన సలహాల్లో ఇంతకంటే చెడ్డది లేదు. ఎందుకో చెబుతాను.

ఫిబ్రవరిలో హెడ్మాస్టారు స్వయంగా కాలేజీకి వచ్చారు. వచ్చి నా ఆరోగ్యం అడిగారు. మా ఆవిడ ఆరోగ్యం అడిగారు. కాలవలో నీళ్ళు తగ్గాయన్నారు. మైక్రోస్కోపు చాలా బాగుందన్నారు. చివరికి లేచి నిలబడి, చేతిసంచి భుజాన వేసుకుని, వెళ్ళబోతూ చెప్పారు.

“బాబును ఇంకెవరింట్లోనన్నా ఉంచితే వారికి సుఖంగా ఉంటుందేమోనండి.”

“ఏం జరిగిందండి?”

“ఆయ్, ఏం లేదండి.”

“మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఏం జరిగిందో చెప్పండి.”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. “మమ్మల్ని పొమ్మంటున్నారండి.”

“ఎక్కడికి?”

“ఎక్కడికని చెప్పరండి. ఊరికే పొమ్మంటారు. మా ఇంట్లో ఆవిడ అన్నం వడ్డిస్తే ‘చాలు, పో’ అంటారు. నేను పేపరిస్తే ‘థాంక్యూ, పో’ అంటారు. రాత్రి మా అమ్మ పడుకో నాయనా అంటే ‘గుడ్ నైట్, పో’ అంటారండి. ఈమధ్య మరీ ఎక్కువైంది. మాటకి రెండేసిసార్లు పొమ్మంటున్నారు.”

“మరి మీరేం చేశారు?”

“పోయేవాళ్ళమండి.”

“మీ ఇంట్లో మిమ్మల్ని పొమ్మంటే మీరే పోయేరా?”

“అతిథి గదండి.”

“నాకు చెప్పొచ్చు కదండీ. ఎన్నిసార్లొచ్చి అడిగాను?”

“ఇంటికొచ్చిన మనిషి మీద ఫిర్యాదంటే బాగోదు గదండి. మమ్మల్ని అన్నంతవరకూ సర్దుకున్నామండి. మొన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో బాబును ఒక మాట ప్రార్థించమన్నాం. పాపం, తెలుగులోనే చేసేరండి. బాగా చేసేరు. ఆఖర్న మాత్రం...” ఆయన గొంతు తగ్గించారు. “‘దేవా, స్తోత్రం, పో’ అన్నారండి.”

నేను మైక్రోస్కోపు పక్కకి జరిపేశాను.

“మా అమ్మ కళ్ళు తెరిచేసిందండి. ‘నన్ను పొమ్మంటే పెరట్లోకి పోయేను, ఆయన్ని పొమ్మంటే ఎక్కడికి పోతాడ్రా’ అంది. ఆవిడకి సమాధానం చెప్పలేక వచ్చేనండి.”

నేను ఆ క్షణమే ప్రిన్సిపాల్‌గారి గదిలోకి దూసుకుపోయి సింహంలా నిలబడి, “ఆ కుర్రాడి బాధ్యత నాది, అతణ్ణి వెనక్కి పంపడానికి వీల్లేదు” అన్నాను. జవాబుగా ఆయనేమన్నారో కూడా చెబితే నేనెలా అన్నానో మీకు తెలుస్తుంది. “ఆ గొణుగుడేమిటయ్యా, కాస్త పైకి చెప్పు” అన్నారు. పైకి చెప్పాను. “ఇంకో ఇల్లు చూడు. దొరక్కపోతే ఆదివారం పెట్టె తెప్పించు, సోమవారం వాళ్ళ కాలేజీకి టెలిగ్రాం ఇచ్చేద్దాం” అన్నారు.

అంబాజీపేట వెళ్ళి తెలిసిన కొబ్బరి వ్యాపారిని అడిగాను. “ఆయ్, తప్పకుండానండి” అన్నాడు. ఈసారి మొహం చూశాను. నమస్కారం పెట్టి వచ్చేశాను. దేవుణ్ణి పొమ్మన్న కుర్రాడి సంగతి నాకంటే ముందు బస్సెక్కి వెళ్ళింది.

మరి ఆ కుర్రాణ్ణే ఎదురుగా కూర్చోబెట్టి, పో ఏమిటి నీ మొహం అని అడగొచ్చు కదా అంటారు మీరు. మీరు అడుగుతారు. నేను కోనసీమవాణ్ణి. పిలిచి, “నీ మాట తీరు వాళ్ళకు కాస్త ఇబ్బందిగా ఉన్నట్టుంది” అన్నాను. అతను తల దించుకున్నాడు. “ఇంకా మర్యాదగా మాట్లాడతాను సార్. నన్ను పంపించకండి. మా నాన్న నా చదువు గురించి చెట్టు మీదనుంచి కేకేసి మరీ అందరికీ చెప్పుకున్నాడు” అన్నాడు. చెయ్యగలిగింది చేస్తానన్నాను. చెయ్యగలిగింది ఏమీ లేదని నాకప్పటికే తెలుసు.

ఆదివారం చర్చి విడిచిపెట్టాక, సైకిలు మీద నేనూ, నా వెనక ఖాళీ రిక్షా, హెడ్మాస్టారింటికి చేరాం. పెట్టె అప్పటికే అరుగు మీద ఉంది. హెడ్మాస్టారు ఇస్త్రీ చొక్కాతో పెళ్ళికి నిలబడ్డట్టు నిలబడ్డారు. టీచరుగారు డబ్బాలో కొబ్బరి లౌజు ఉండలు పెట్టి మూతకు గుడ్డ కడుతున్నారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మామ్మగారు కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

“భోజనం అయిందా అత్తయ్యగారూ, మాస్టారొచ్చేరు, మాటల్లో పడితే ఆలస్యమైపోద్ది” అన్నారు టీచరుగారు.

“ఆయ్, అయిందమ్మా” అన్నారు మామ్మగారు. “మీరు చేసేరా మాస్టారూ?”

“అయిందండి” అన్నాను.

కుర్రాడు లోపల్నుంచి వచ్చాడు. హెడ్మాస్టారికి చెయ్యి కలిపాడు. టీచరుగారి ముందు తల వంచాడు. ఇద్దరితోనూ ఏమీ మాట్లాడలేదు. నేను మర్యాద గురించి హెచ్చరించాక నోరు విప్పడానికే భయపడుతున్నాడని తర్వాత చెప్పాడు. చివరికి మామ్మగారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి మెల్లగా అందుకుని, తన నుదుటికి ఆనించుకున్నాడు. ఆనించుకుని, కళ్ళు మూసుకుని అన్నాడు.

“మానో, పో.”

హెడ్మాస్టారు పెరటివైపు తిరిగిపోయారు. రిక్షా అతను బెల్లు తుడుచుకోసాగాడు. మామ్మగారు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“చూసేరా మాస్టారూ” అన్నారు నాతో. “చెయ్యి నుదుటికి అద్దుకుంటాడు, పొమ్మంటాడు. నుదుటిది నమ్మాలా, నోటిది నమ్మాలా?”

నాలో ఏదో తెగింది. కొన్ని నెలలుగా అందరి ‘ఆయ్’లూ మింగి మింగి ఉన్నానేమో, అన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. “నీకు బుద్ధుందా” అని ఇంగ్లీషులో అరిచాను. “ఆవిడ చెయ్యి నుదుటికద్దుకుంటూ పొమ్మంటావా? వెళ్ళిపోయేది నువ్వయితే వాళ్ళను పొమ్మంటావేంటి? అసలేమిటి నీ ‘పో’?”

అతను బిత్తరపోయి లేచాడు. “మర్యాద సార్.”

“ఏమిటీ?”

“మా భాషలో పెద్దవాళ్ళతో మాట్లాడితే మాట చివర ‘పో’ అనాలి సార్. అది లేకుండా మాట్లాడితే మా అమ్మ చెవి మెలిపెడుతుంది. కాలేజీలో ‘సార్’ అంటే సరిపోతుంది, ఇంట్లోవాళ్ళను సార్ అనలేను కదా. దేవుడితో మాట్లాడినా అనాలి. ‘మానో’ అంటే చెయ్యివ్వండి, దీవించండి అని. మీరు ఇంకా మర్యాదగా ఉండమన్నారని రెండేసి చేర్చాను.”

ఆ రెండేసి పోలూ నా సలహా మహిమ.

“మరి మావాళ్ళలా ‘అండీ’ అనొచ్చు కదయ్యా. పొద్దున్న లేస్తే ఊరంతా అండీ అండీ అంటారు, నీ చెవిన పళ్ళేదా?”

అతను హెడ్మాస్టారివైపు భయంగా చూసి, గొంతు తగ్గించాడు. “అది ఆయన పేరు కదా సార్.”

“ఎవరి పేరు?”

“హెడ్మాస్టారుగారిది. టీచరుగారు రోజంతా అలాగే పిలుస్తారు. ఏమ్ ఆండీ, ఏమ్ ఆండీ అని. మా వీధిలో కూడా ఒక ఆండీ ఉన్నాడు. పెద్దవాళ్ళను నేను పేరు పెట్టి ఎలా పిలుస్తాను సార్?”

“ఊళ్ళో అందరూ అంటారు కదరా నాయనా.”

“మొదట్లో నాకూ ఆశ్చర్యంగా ఉండేది. తర్వాత అర్థమైంది. ఆయనంటే ఊళ్ళో చాలా గౌరవం. ఎవరు ఏం మాట్లాడుకున్నా చివర్లో ఆయన పేరు తలుచుకుంటారు.”

నేను అరుగు మీద కూలబడి, మామ్మగారికీ అర్థమయ్యేట్టు ఆ ముక్కలన్నీ తెలుగులోకి మార్చి చెప్పాను. టీచరుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తారు. వంటింట్లోంచి గిన్నె కింద పడ్డ చప్పుడు, దాని వెంట ఆపుకోలేని నవ్వు వినిపించాయి. హెడ్మాస్టారు “ఆయ్” అన్నారు. కాసేపాగి మళ్ళీ “ఆయ్” అన్నారు. ఈసారి నాకు మొహం చూడాల్సిన పని పడలేదు. ఆయన చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

మామ్మగారు నెమ్మదిగా లెక్క సరిచూసుకున్నారు. “అయితే దేవుడితో అన్నది?”

“స్తోత్రమండి అన్నాడండి మామ్మగారూ.”

“మరి మేం?”

“మీరు లేచి వెళ్ళిపోయేరండి.”

నాకు ఒళ్ళు మండిపోతోంది, ఎవరి మీద మండాలో తెలియడం లేదు. “ఒక్కరు, ఒక్కసారి, ఎందుకురా పొమ్మంటున్నావని అడిగుంటే ఇదంతా ఉండేది కాదు కదండీ” అన్నాను.

“అలా అడిగితే బాబు నొచ్చుకుంటారేమోనని...” అన్నారు హెడ్మాస్టారు.

కుర్రాడి వైపు తిరిగి, ఇకనుంచి ‘పో’ మానేసి ‘అండీ’ అనమన్నాను. అతను తలూపి, పాఠం అప్పజెప్పేవాడిలా నిలబడ్డాడు. అంతలో మామ్మగారు కర్రతో నేల తట్టారు.

“నాకు అండీ వద్దండి మాస్టారూ. పోలూ వద్దు, అండీలూ వద్దు. ఈ ఇంట్లో ఉండేవాడైతే నన్ను నువ్వు అనమనండి. ఏ మనవడు మామ్మని అండీ అంటాడు?”

చెప్పాను. కుర్రాడి మొహం పాలిపోయింది. వెనక్కి పంపిస్తామన్నప్పుడు కూడా అంత పాలిపోలేదు.

“చివర ఏమీ లేకుండానా సార్?”

“ఏమీ లేకుండానే.”

“మా అమ్మకు తెలిస్తే?”

“మీ అమ్మకు తెలుగు రాదు. కానీయ్.”

అతను చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. మామ్మగారి మొహంలోకి చూసి, రేవు దగ్గర బల్ల మీంచి పంటులోకి అడుగేసేవాడిలా ఒక్కొక్క మాటే వేశాడు.

“మామ్మా. నువ్వు. అన్నం. తిన్నావా.”

పెదవులు ఇంకో అక్షరం కోసం కలిశాయి. ఆవిడ కర్ర కాస్త పైకెత్తారు. పెదవులు విడిపోయాయి.

“లేదురా” అన్నారు మామ్మగారు.

టీచరుగారు గుమ్మంలోకి వచ్చారు. “అదేంటత్తయ్యగారూ, ఇందాక అయిందన్నారు?”

“నువ్వు మర్యాదకి అడిగేవు, మర్యాదకి చెప్పేను. వీడు అడిగేడు, చెప్పేను. నిన్న మధ్యాహ్నం నుంచీ తిన్లేదు. ఆ పెట్టె లోపల పెట్టించి కంచాలు వెయ్యి.”

పెట్టెను నేనే మోసుకెళ్ళి గదిలో పెట్టాను. సోమవారం ప్రిన్సిపాల్‌గారితో, నాకున్న ఫిలిప్పీన్స్ భాషా పరిచయం వల్ల చిక్కు విడిపోయిందని మనవి చేసుకున్నాను. ఆ భాషలో నాకు వచ్చింది ఒక్క ముక్క, అది కూడా ముందురోజే నేర్చుకున్నాను. టెలిగ్రాం వెళ్ళలేదు. కుర్రాడు ఏడాది పూర్తిచేశాడు. డిగ్రీ వచ్చిందని ఆ తర్వాత హెడ్మాస్టారు చెప్పారు, నేను అడక్కుండానే.

ఆ ఆదివారం నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి కంచాలు వేసేశారు. చేపల పులుసు వాసన వీధి దాకా కొడుతోంది. మామ్మగారు పెరటి మెట్ల దగ్గర కాదు, నడిమింట్లో కూర్చున్నారు. కుర్రాడు ఆవిడకు నీళ్ళు పోస్తున్నాడు. హెడ్మాస్టారు నాతో గుమ్మం దాకా వచ్చి చేతులు జోడించారు.

“తమరు కూడా మాతో భోంచేస్తే బాగుంటుందండి. భోజనం అయిందాండి?”

పొద్దున్నుంచీ నేను మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

“ఆయ్, అయిందండి” అన్నాను. సైకిలెక్కాను.